లేని గోడకు లావు గీత

మా ఆఫీసులో ఎర్ర రంగు ఎర్రగా రాదు. కంప్యూటర్ తెర మీద ఎర్రగానే కనబడుతుంది, ప్రింటు తీస్తే నల్లగా, లావుగా దిగుతుంది. పసుపు కూడా నల్లగానే దిగుతుంది, కాకపోతే వెంట్రుకంత సన్నగా. ఒక్కో రంగుకి ఒక్కో మందం ముడిపెట్టి ఉంచాం, అంతే సంగతి. ఈ ముక్క కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెబుతాను. వాళ్లు శ్రద్ధగా తలూపుతారు, మొదటి వారంలోనే పడకగదిని గులాబీ రంగులో గీసి, అందంగా ఉంది కదా మేడమ్ అంటారు. ఆ గులాబీకి మేం పెట్టుకున్న మందం మురుగు పైపుది. ప్రింటులో వాళ్ల పడకగది చుట్టూ మురుగు పారుతూ ఉంటుంది.

'రంగులు కంటికి కాదు, కలానికి' అనేది మా ఆర్కిటెక్టు రోజూ చదివే మంత్రం. ఆయన్ని మేం వెనకాల 'పాయింట్ వన్ త్రీ' అంటాం. ప్లాన్లు ప్రింటు తీసే మా ప్లాటర్‌లో పాయింట్ వన్ త్రీ మిల్లీమీటర్ల కన్నా సన్నగీత లేదు, మా ఆఫీసులో ఆయనకన్నా సన్నటి మనిషి లేడు. ఆయన పెట్టిన చట్టం ఏమిటంటే, ఇంట్లో ఇప్పటికే ఉన్న గోడ ఎరుపు, అంటే అన్నిటికన్నా లావు గీత. కొత్తగా కట్టాల్సిన గోడ ఆకుపచ్చ, అంటే మధ్యరకం గీత, లోపల ఏటవాలు చారలు. కుర్చీలూ మంచాలూ పసుపు. మా మేస్త్రీలు ప్లాన్ మీద అక్షరాల జోలికి పోరు. లావు గీత ఉన్నదాన్ని ముట్టుకోరు, చారలున్నదాన్ని కడతారు.

ఇన్నాళ్లు గీసి గీసి నేను కనిపెట్టింది ఇంకొకటి ఉంది. ఇల్లు కట్టించుకునేవాళ్లు ప్లాన్ చదవరు, మందం చదువుతారు. సన్నగీత కనబడితే చాలు, పెన్ను తీసి కొట్టేయాలని వాళ్లకి చెయ్యి దురద పుడుతుంది. లావు గీత దగ్గర మాత్రం ట్రాఫిక్ పోలీసుని చూసినట్టు పక్కకి తప్పుకుంటారు. ఈ పరిశోధనకి నాకెవరూ పట్టా ఇవ్వలేదు గానీ, మా అక్క గది కోసం మాత్రం వాడాను.

అక్క పుస్తకాలకి బైండింగ్ చేస్తుంది. చేసేది భోజనాల బల్ల మీద. చిరిగిన పుస్తకం విప్పి, కుట్టి, వీపుకి జిగురు రాసి, పైన బరువు పెట్టి ఒక పూటంతా కదపకుండా వదిలేయాలి. కదపకుండా ఎవరు వదులుతారు? బావకి టిఫిను వేళవుతుంది, టీ వేళవుతుంది, స్నేహితుడొస్తాడు. అక్క తడి ఆరని పుస్తకాలన్నీ ఎత్తి మంచం మీద పెడుతుంది, మళ్లీ మంచం మీంచి ఎత్తి బల్ల మీద పెడుతుంది. వీపు వంకరపోతుంది. విప్పి మళ్లీ కుడుతుంది. నోట్లో నాలుక లేని మనిషి. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

బావ చెడ్డవాడేం కాదు. పరుచుకునే మనిషి, అంతే. నడిచే మెషిను కొన్నాడు, దాని మీద ఇంతవరకూ నడిచినవి ఆరేసిన బట్టలే. పెద్ద టీవీ, దానికి పెద్ద సోఫా, సోఫాకి కాళ్లు పెట్టుకునే ఇంకో చిన్న సోఫా. పాత ఇల్లొకటి కొని బాగు చేయించుకుందామనుకున్నప్పుడు ఆయన నోట ఒకటే మాట, 'ఓపెన్'. హాలు ఓపెన్‌గా ఉండాలి, వంటిల్లు ఓపెన్‌గా ఉండాలి. ఓపెన్ అంటే ఆయన వస్తువులకి ఎక్కడా అడ్డు తగలకపోవడమని నాకు అర్థమైంది.

ఇల్లు గీసే పని నాకే వచ్చింది. అక్కని పక్కకి పిలిచి నీకేం కావాలో చెప్పవే అంటే, ఎక్కడో ఓ మూల చాలు అంది. మూలకి తలుపుంటుందా, గొళ్లెముంటుందా అని గదమాయించాను. అయితే హాలు చివర కిటికీ ఉన్న ముక్కని గది చేస్తే బాగుంటుందని గొణిగింది, ఆ వెంటనే మీ బావ ఒప్పుకోరులే అంది. అక్కడ పాత యజమాని కట్టించిన చెక్క తడిక ఒకటి, చెదలు పట్టి నిలబడి ఉండేది. దాని స్థానంలో మంచి ఇటుక గోడ, తలుపు పెట్టి గీశాను. చట్టప్రకారం ఆకుపచ్చ, మధ్యరకం గీత, చారలు.

బావ ప్రింటు చూశాడో లేదో, పెన్ను తీసి ఆ గోడని అడ్డంగా కొట్టేశాడు. ఇది లేకపోతే హాలు ఎంత ఓపెన్‌గా ఉంటుందో చూడు మరదలా అని మురిసిపోయాడు. అక్క పక్కనే టీ కప్పులు సర్దుతూనే ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, ఇక మొగుడేం పెడతాడు? కందకు లేని దురద నాకెందుకని బయటికొచ్చేశాను. దారంతా ఆ దురదే.

మర్నాడు ఆఫీసులో ఆ గోడ మీద నొక్కి, ఆకుపచ్చ తీసి ఎరుపు పెట్టాను. చారలు చెరిపేశాను. ప్రింటులో ఆ గోడ ఎంత బలిసి వచ్చిందంటే ఇంటి ముందు గోడకి కవలలా కనబడింది. బావకి చూపించాను. ఆయన కళ్లు దాని మీంచి జారి, సన్నగీతలో ఉన్న చెప్పుల అలమర మీద పడ్డాయి. దాన్ని కొట్టేశాడు, వాషింగ్ మెషిన్ని అటునుంచి ఇటు జరిపాడు. ఆ లావు గోడ గురించి మాత్రం, చెక్క వెనకాల పైకప్పు మోసే గోడ ఉన్నట్టుంది, దాన్ని మనం ఏం చేయగలం, ఇక అటు గది చేసుకోవాల్సిందే అని నిట్టూర్చి సంతకం పెట్టాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. అక్క నా వైపు చూసి మొహం తిప్పుకుంది, నవ్వాపుకోడానికి. మా అక్క అలా నవ్వి ఎన్నాళ్లయిందో!

సంతకమైన ప్రింటే మేస్త్రీకి వెళ్లింది. నన్ను వేరే ఊళ్లో ఓ గోదాము కొలతలకి పంపాడు పాయింట్ వన్ త్రీ. తిరిగొచ్చి, అక్క గది చూద్దామని సంబరంగా వెళ్లాను. గుమ్మంలోనే నా కాళ్లు ఆగిపోయాయి. హాలు ఈ చివర నుంచి ఆ చివర కిటికీ దాకా ఫుట్‌బాల్ ఆడుకునేట్టుంది. మధ్యలో బావ, చేతులు వెనక్కి కట్టుకుని, చెరువు గట్టున షికారు చేస్తున్నట్టు తిరుగుతున్నాడు. చెక్క తీయించి చూస్తే వెనకాల గోడే లేదట. కప్పూ పడలేదట. అదృష్టమంటే ఇలా ఉండాలట. నడిచే మెషిను కిటికీ దగ్గరికి వస్తుందట.

మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ప్రింటు మడత విప్పి, ఆ లావు గీత మీద వేలు పెట్టాడు.

"ఇది ఉన్న గోడ అని గీసింది మీరే కదమ్మా. ఉన్న గోడని నేను మళ్లీ ఎందుకు కడతాను?"

"మరి అక్కడ లేదు కదా! అడగొద్దూ?"

"ఆ చెక్క తడికనే గోడ అన్నారనుకున్నా. సారు దాన్ని పీకేయమన్నారు, పీకేశాం."

మందం చదివేది బావ ఒక్కడే కాదని నాకు తట్టనే లేదు. తప్పు పట్టడానికి ఆయనలో సందు లేదు, చట్టం పాయింట్ వన్ త్రీది, గీత నాది. అయినా ఊరుకుంటానా? ఆ గోడ లేకపోతే రేపో మాపో పైకప్పు కుంగుతుందని బావని భయపెట్టబోయాను. ఎవడికీ అపకారం చెయ్యని మా మేస్త్రీ వెంటనే అందుకుని, పైకప్పుకి దీంతో పనే లేదు సార్, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు. ఆ క్షణంలో ఆ పెద్దమనిషిని ఇసుకలో పాతిపెట్టాలనిపించింది. వీధిలో టైల్స్ బండి ఆగింది. ఒకసారి టైల్స్ పడ్డాయంటే ఇక గోడ మాట ఎత్తేవాళ్లుండరు. నాకు ఏడుపొచ్చింది. అక్క కోసం తెలివితేటలు వాడి, అక్క గదిని నా చేత్తోనే ఊడ్చి పారేశాను.

అక్క ఎప్పుడొచ్చిందో తెలీదు, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది. నన్ను దాటుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లి, ఆ గోడ రావాల్సింది ఎక్కడో కాస్త చూపించమంది. ఆయన ప్రింటు చూసి, టేపు పట్టి, నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సుద్దతో గీత గీశాడు. అక్క వెళ్లి ఆ గీత మీద నిలబడింది.

టైల్స్ వాళ్లు వస్తున్నారు, కాస్త పక్కకి రమ్మన్నాడు బావ.

"రానివ్వండి. నా చుట్టూ వేసుకుంటారు."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు కూడా ఆగింది.

"నాకు ఇక్కడ గది కావాలి," అంది అక్క. గీత మీంచి కదల్లేదు. "లోపల్నించి గడియ పెట్టుకునే గది."

"అంత కావాలనుకుంటే ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

నాకు నోరు లేచింది. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇప్పుడు చెబుతున్నాను కదా. పెళ్లయినప్పట్నించీ మీ కంచం పెట్టడానికి తడి పుస్తకాలు ఎత్తుతూనే ఉన్నాను. ఒక్కటీ తిన్నగా ఆరలేదు. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు."

బావ ఏదో అనబోయాడు. ఓపెన్ అనే మాట ఆయన పెదవుల దాకా వచ్చి వెనక్కిపోవడం నేను స్పష్టంగా చూశాను. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, అక్క కాళ్ల కింది సుద్ద గీత వైపు చూశాడు. చివరికి ఒక సిమెంటు బస్తా మీద కూలబడి, కట్టండి మేస్త్రీ అన్నాడు. నీరసంగానే అన్నాడు, కానీ అన్నాడు.

టైల్స్ బండిని మేస్త్రీ వెనక్కి పంపించాడు. కింద కాస్త పునాది తీయాలన్నాడు. తీయండి అంది అక్క. గోడ నాలుగున్నర అంగుళాలదా, తొమ్మిది అంగుళాలదా అని ఆయన అలవాటు ప్రకారం బావని అడిగాడు. బావ అక్క వైపు చూశాడు.

"తొమ్మిది," అంది అక్క. "ఆ ఎక్కువ మందం హాల్లోకి రానివ్వండి."

మేస్త్రీ మొదటి గీతని కాలితో చెరిపి, ఇంకాస్త హాలు వైపు జరిగి మళ్లీ గీశాడు.