జీవరాజు ఊఁ కొట్టిన మాట

పొద్దున్నే షట్టరెత్తి జీవరాజు చేసే మొదటి పని, టెస్టరు చొక్కా జేబుకి తగిలించుకోవడం. రెండో పని, వెనక వంటింట్లో గిన్నెలు మోగితే "ఊఁ" అనడం.

భీమవరంలో, ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు మీద అతనిది కారు స్టీరియోల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. భార్య సూర్యకళ గొంతు పెళ్ళయిన కొత్తలో సన్నగా, గణగణమంటూ ఉండేది. ఏడాదికేడాదీ కిందికి దిగుతూ దిగుతూ, చివరికి చెవికి ఆనని చోటికి చేరింది. ఇప్పుడామె మాట్లాడితే స్టీలు డబ్బాల మూతలు అదురుతాయి, గ్లాసులో మంచినీళ్ళు వణుకుతాయి.

పక్కింటి సంపూర్ణమ్మగారు గోడ మీంచి తొంగిచూసి, "జీవరాజూ, మా పప్పు డబ్బా మోగుతోంది. నీ భార్య పిలుస్తున్నట్టుందయ్యా" అని చెప్పి, తన పనిలో తాను పడిపోయేది.

అదురు పొట్టిగా ఉంటే కాఫీ. కాస్త సాగితే బియ్యమో, గ్యాసో. ఈమధ్య సాయంత్రం పూట బాగా పొడుగాటి అదురొకటి వస్తోంది. అదేమిటో అతనికి తెలీదు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి "ఊఁ" అనేసేవాడు.

ఆ రోజు సాయంత్రం, రొయ్యల మేత వ్యాపారం చేసే వెంకన్న కొత్త సుమో తెచ్చాడు.

"వెనకాల ఆ సబ్‌ వూఫర్ పెట్టేయండి గురువుగారూ. పాటేస్తే చెరువులో రొయ్య ఎగరాలి!"

"రొయ్య సంగతేమోగానండి, మీ అద్దాలు ఊడకుండా చూసుకోండి."

సబ్‌ వూఫరంటే పాటలో అన్నిటికన్నా అడుగున ఉండే శబ్దాన్ని పలికించే పెట్టె. దానికి బలం నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. అందుకని ఎర్ర వైరుకి ఫ్యూజు కట్టి, మ్యాటు కిందనుంచి వెనక్కి లాగాడు జీవరాజు. పాట వచ్చే వైర్లు రెండో పక్కనుంచి తెచ్చాడు. స్టీరియో దగ్గర్నుంచి సన్నటి నీలం వైరు, పెట్టెని నిద్ర లేపేది అదే. ఇక మిగిలింది ఎర్తు. దాన్ని రంగు గీకేసి, ఒట్టి ఇనుముకి బిగించాలి. రంగు మీదే బిగిస్తే చుట్టుపక్కల గొణుగుళ్ళన్నీ పెట్టెలోకి వచ్చేస్తాయి.

"కొత్త బండండీ బాబూ, రంగు గీకకండి!" అని వెంకన్న గోల పెట్టాడు.

జీవరాజు మొహమాటానికి "ఊఁ" అని, రంగు మీదే బిగించేశాడు.

స్విచ్చి వేయగానే పెట్టె ఘూఁ అంది. సరిగ్గా అప్పుడే సూర్యకళ కాఫీ తెచ్చి, బండి అంచున గ్లాసు పెట్టి, రోజూ చెప్పేదే చెప్పింది. ఆ ఘూఁలోంచి మాట తేటగా బయటికొచ్చింది.

"ఏవండీ, కొవ్వూరులో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతానండి. మళ్ళీ రాను. వెళ్ళమంటారా?"

వెంకన్న "నేనలా కిళ్ళీ కొట్టు దాకా వెళ్ళొస్తానండి" అని జారుకున్నాడు.

"రోజూ నువ్వడుగుతున్నది ఇదా?" అన్నాడు జీవరాజు.

"ఇదేనండి, వానాకాలం నుంచీ. మీరు ఊఁ అంటూనే ఉన్నారు. నిన్నయితే అలాగే అని కూడా అన్నారు. అందుకే బట్టలు సర్దుకున్నాను."

"నాకు వినపడితేగా! బియ్యం అనుకున్నానే."

"ఇన్నేళ్ళూ బియ్యమే అనుకున్నారా?"

"ఇప్పుడు వినపడిందిగా. ఉండు."

"వినపడింది వెంకన్నగారి బండికండి. మీకు కాదు."

ఆమె లోపలికెళ్ళి సంచీ పట్టుకొచ్చింది.

"వెళ్ళొస్తాననైనా అనవే," అన్నాడు. గుమ్మం దిగే మనిషెవరూ ఒట్టి 'వెళ్తాను' అనరు. అప్పుడే అటు నడిచిన వెంకన్న కూడా అనలేదు.

"వెళ్తానండి," అంది సూర్యకళ.

ఆమె రోడ్డు దాటుతుండగా వెంకన్న తిరిగొచ్చి, ఘూఁ వినలేక చెవులు మూసుకున్నాడు. "సరే, గీకేయండి బాబూ, ఏం చేస్తాం!" అన్నాడు. జీవరాజు బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, ఎర్తు మళ్ళీ బిగించాడు. పెట్టె నిశ్శబ్దమైపోయింది.

అవతల కొవ్వూరు బస్సు ఆగింది. "కొవ్వూరొకటండి," అంది సూర్యకళ మెట్టెక్కుతూ. సన్నగా, గణగణమంటూ ఆ మాట రోడ్డు ఇవతలికి కూడా వినపడింది. కండక్టరు రెండోసారి అడగకుండానే టిక్కెట్టు చింపాడు.

"ఉండవే!" అని అరిచాడు జీవరాజు.

బల్ల మీద స్క్రూలు గలగలలాడాయి. గ్లాసులో చల్లారిన కాఫీ వణికింది. ఆమె వెనక్కి చూడలేదు. బస్సు కదిలింది.

గోడ మీంచి సంపూర్ణమ్మగారు తొంగిచూసింది.

"జీవరాజూ, మా పప్పు డబ్బా మోగుతోంది. నీ భార్య పిలుస్తున్నట్టుందయ్యా."