తగ్గించమని అడగడానికి

మా తమ్ముడి పేరు ఎవారిస్తో. ఫ్యాక్టరీలో అకార్డియన్ వాయిద్యాలను శ్రుతి చేసేవాడు. ఇటలీలోని మా ఊరు కాస్టెల్‌ఫిదార్దోలో ఆ పనికి మంచి జీతమే ఉండేది. విడాకులప్పుడు కోర్టు ఆ జీతం చూసి, బిడ్డ కోసం ఉద్యోగం మానుకున్న అతని భార్య లోరెదానాకు నెలనెలా భరణం కట్టమంది. కట్టాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా కట్టాడు. బడి బస్సు నడిపితే వచ్చేది పాత జీతంలో సగమే కాబట్టి, తక్కువపడింది నా దగ్గర తీసుకునేవాడు.

"కోర్టుకెళ్ళి తగ్గించమని అడగరా," అన్నాను.

"దాని ముందు చేతులెత్తేయమంటావా అక్కా? నేనేం ఆకలితో చావట్లేదు."

"ఎందుకు చస్తావు, మా ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా."

చివరికి ప్లీడరు దగ్గరికి నేనే లాక్కెళ్ళాను.

"ఆదాయం పడిపోగానే రావలసింది," అన్నాడాయన. "తగ్గించినా అర్జీ పెట్టిన రోజు నుంచే. ముందు కట్టింది వెనక్కి రాదు."

ఆ రోజే తమ్ముడి చేత అర్జీ పెట్టించాను.

విచారణనాడు అంకోనా కోర్టు వరండాలో లోరెదానా వచ్చి నా పక్కనే కూర్చుంది.

"నోటీసు చూసి ఒళ్ళు మండింది వదినా."

"తగ్గించమన్నందుకా?"

"నాకు చెప్పనందుకు. చెప్తే మింగేస్తానా? ఇంకో ఫ్యాక్టరీలో చేరాడనుకుంటున్నా ఇన్నాళ్ళూ."

లోపల జడ్జిగారు ఆమె ఆదాయం గురించి అడిగారు. ఆమె ప్లీడరు ఏమీ లేదనబోయాడు. లోరెదానా అడ్డుపడింది.

"ఉందండీ. పోయిన చలికాలం నుంచి పొద్దుటిపూట బేకరీలో పనిచేస్తున్నా. తెలిస్తే భరణం ఆపేస్తారని భయపడి చెప్పలేదు."

ప్లీడరు కాగితాల్లో తలదూర్చాడు. మా తమ్ముడు ఆమెవైపు తిరిగి మొదటిసారి నేరుగా చూశాడు.

బయటికొచ్చాక అతనే పలకరించాడు.

"బేకరీయా? నువ్వా, తెల్లారుజామున లేచేది?"

"నువ్వు బస్సు నడపట్లేదూ? రిమిని వెళ్దామని రవెన్నా చేర్చిన మనిషివి."

"పిల్లలు చెప్తార్లే దారి."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. ఇంటి కోసం ఆమె వదులుకున్న ఏళ్ళు తిరిగి రావు కాబట్టి భరణం ఉంటుంది, ఇద్దరి ఆదాయాలూ మారాయి కాబట్టి సగానికి తగ్గుతుంది అన్నారు జడ్జిగారు. ఆ సాయంత్రం మా వంటింట్లోంచే తమ్ముడు ఆమెకు ఫోన్ చేశాడు.

"మళ్ళీ జీతం మారితే ముందు నీకే చెప్తాను."

"పెరిగినా చెప్పు," అంది లోరెదానా.