గరగర వినిపించేదాకా

స్టూడియోలో ఆయన్ని అందరూ చెవులాయన అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ చెవులకి చాటుమాటలు కూడా వినిపించేవి కాబట్టి ఆయన లోలోపల పొంగిపోయేవాడు.

గొంతునీ వాయిద్యాలనీ సరిపాళ్ళలో కలిపే మిక్సింగ్ పనిలో ఆయన చెయ్యి బాగా తిరిగింది క్లిప్పింగ్‌కి. పాటలో కొన్నిచోట్ల శబ్దం ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. దాని తల తగ్గిస్తేగానీ మిగతా పాటని గట్టిగా వినిపించడం కుదరదు. అడ్డంగా కోసేస్తే హార్డ్ క్లిప్పింగ్, పొడుగాటివాడు గుమ్మానికి తల కొట్టుకున్నట్టు. డ్రమ్స్‌కి అదే బాగుంటుంది, దెబ్బకి పదునొస్తుంది. గొంతుకి సాఫ్ట్ క్లిప్పింగ్ నప్పుతుంది, అదే మనిషి తల వంచుకుని లోపలికి వచ్చినట్టు. మరీ వంచితే మాత్రం అదీ గీరుకుని గరగరమంటుంది.

ఎంత వంచాలన్నదానికి ఆయన లెక్క ఒకటే. గరగర వినిపించేదాకా తోసుకుంటూ పోవాలి, వినిపించగానే కాస్త వెనక్కి రావాలి. కంప్యూటర్ తెరమీద గీతలు చూసి పనిచేసేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. "పాటని కళ్ళతో వింటావట్రా?" అని శిష్యుణ్ణి ఏడిపిస్తూ, తెరమీద తువ్వాలు కప్పి మరీ కూర్చునేవాడు.

"నా మొదటి పాట నువ్వే మిక్స్ చెయ్యాలి నాన్నా" అని కూతురు చిన్నప్పుడే మాట తీసుకుంది. ఆ ఒక్క పాటా చేసి కుర్చీ దిగిపోదామని ఆయన ఇన్నాళ్ళూ కాచుకున్నాడు. చివరికి ఆ పాట రానే వచ్చింది. గొంతు మీద క్లిప్పర్ తోశాడు. గరగర రాలేదు. ఇంకా తోశాడు. ఊహూఁ.

"చూశావా, ఎంత తోసినా చెక్కుచెదరని గొంతు! ఎవరి పిల్లనుకున్నావ్?" అన్నాడు శిష్యుడితో.

వెనక కూర్చున్న కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాగుంది నాన్నా" అంది. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు.

పాట విడుదలైంది. ఫోన్‌లో చూస్తే మిక్సింగ్ దగ్గర శిష్యుడి పేరుంది. ఆయనకి కోపం నషాళానికి అంటింది. కూతురి గదిలోకి విసురుగా వెళ్ళాడు.

"నా పనిలో వంకేంటో చెప్పు. చెప్పకపోతే నా మీద ఒట్టే!"

"వద్దు నాన్నా."

"రెండూ వినిపించు, నేనే చెప్తాను."

ముందు ఆయనది పెట్టింది, తర్వాత శిష్యుడిది. ఆయన కళ్ళు మూసుకుని రెండూ విన్నాడు.

"రెండూ ఒకటేగా! నేను చేసింది ఎత్తుకెళ్ళి వాడి పేరు తగిలించుకున్నాడు, దొంగవెధవ! మొదటిది మళ్ళీ పెట్టు."

పెట్టింది. ఈసారి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ భార్య చటుక్కున రెండు చెవులూ మూసుకుంది. ఆయన చూస్తున్నాడని గమనించి, ఆ చేతులతోనే జుట్టు సర్దుకున్నట్టు నటించింది. ముప్పై ఏళ్ళు కాపరం చేసిన మనిషికి ఆ నటన తెలియదా?

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"రెండేళ్ళయి ఉంటుంది. సన్నటి శబ్దాలు నీకు అందడం లేదు నాన్నా. నువ్వు చేసినవన్నీ అన్నయ్యే మళ్ళీ సరిచేసి పంపేవాడు. నీకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు."

అన్నయ్యంటే శిష్యుడే. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రోజూ నోటికొచ్చినట్టు తిట్టినా వాడు పల్లెత్తు మాటనలేదు. దానికి సిగ్గుపడ్డాడుగానీ, గుండె పిండేసింది అది కాదు. కూతురి గొంతులో తనకి వినపడకుండా పోయింది ఎంతో, ఏమిటో కూడా ఆయనకిక తెలియదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి ముఖం తుడుచుకున్నాడు.

"నేను చేసింది ఇంకోసారి పెట్టమ్మా. ఎక్కడ గీరుకుంటే అక్కడ నా చెయ్యి నొక్కు. నేనూ తెలుసుకోవాలిగా."

కూతురు పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. పల్లవి మొదటి మాటకే నొక్కింది. పాట అయిపోయేదాకా వదల్లేదు.