కిక్కురుమనని పిల్ల

ఏడు నెలలొచ్చినా మెర్లిన్ గట్టిగా ఏడ్చి ఎరగదు. పాలు తాగుతూనే చెమటలు పట్టి నిద్రలోకి జారిపోయేది. "మా గుంట బంగారం, కిక్కురుమనదు" అని నాయనమ్మ చోడవరం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. తల్లి ఏసుమణి కూడా అంది.

టీకాకి తీసుకెళ్తే డాక్టరమ్మ పిల్ల గుండె మీద పెట్టిన స్టెత్ ఎంతకీ తియ్యలేదు. విశాఖ పంపిస్తే అక్కడ ఈసీజీ తీసేరు. పుట్టుకతోనే హార్ట్ బ్లాక్, గుండె సగం వేగంతోనే కొట్టుకుంటోందన్నారు. ఆపరేషన్ చేసి పొట్ట చర్మం కింద పేస్‌మేకర్ పెట్టేరు.

"నీ కళ్లు మండుతుంటాయా అమ్మా?" అని పెద్ద డాక్టరు ఏసుమణిని అడిగేడు. మండుతాయి. మావయ్య పోయిన రోజు కూడా కంట చుక్క రాలేదని అందరూ ఆమెని రాతిగుండె అన్నారు. ఆ కన్నీళ్లని ఎండగట్టిన జబ్బే కడుపులో బిడ్డ గుండెకీ తగిలిందనీ, తప్పు ఎవరిదీ కాదనీ ఆయన చెప్పేడు.

డిశ్చార్జయ్యి చోడవరం బస్సెక్కేరు. సబ్బవరం దాటేసరికి మెర్లిన్ బస్సు దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది.

"ఒసే, ఊరుకోబెట్టే. అందరూ సూస్తన్నారు" అంది అత్త.

ఏసుమణి సీటుకి తల ఆనించి, మండుతున్న కళ్లు మూసుకుంది.

"ఏడవనీ అత్తా. నా వాటా కూడా అదే ఏడస్తంది."