మలుపుల్లో ఒరిగే కారు

మా ఆయనకి కారు నడపడం రాదని పెళ్ళయిన ఏడాదికే తేల్చేశాను. లేకపోతే మలుపు మలుపుకీ బండి ఒక పక్కకి ఒరిగిపోవడమేమిటి, నా పేగులు నోట్లోకి రావడమేమిటి!

"కాస్త మెల్లగా పోనివ్వండి మహాప్రభో" అనేదాన్ని.

"ఇంతకంటే మెల్లగా అంటే దిగి తొయ్యాలి. తప్పు నీ కడుపుది, నా చేతులది కాదు" అనేవారు. మళ్ళీ పాట ఎత్తుకునేవారు, అదీ శ్రుతి లేకుండా. నేను నిమ్మకాయ వాసన చూస్తూ సణుగుతుంటే, వెనక సీట్లో మా అమ్మాయి ఈ తలుపు నుంచి ఆ తలుపుకి జారుతూ కేరింతలు కొట్టేది. ఎంత బాగుండేదో ఆ గోల! ఆయన పోయాక తిట్టడానికైనా మనిషి లేడు నాకు.

ఇప్పుడు బెంగంతా పెద్దక్క గురించి. కొండ మీద ఊళ్ళో ఉంటుంది. తుంటి విరిగి మంచం పట్టింది, ఇక కిందకి దిగలేదు. "ఒక్కసారి రావే, నిన్ను చూడాలని ఉంది" అని ఫోన్లో ఏడ్చింది. ఆ దారి నిండా మెలికలే. పోయినసారి సగం దూరంలోనే వాంతులతో సొమ్మసిల్లి వెనక్కొచ్చాను. ఈసారీ వెళ్ళలేకపోతే అక్కని మళ్ళీ చూస్తానన్న ఆశ లేదు.

"నీ కడుపుని నేనేం చెయ్యలేను గానీ బండిని బాగుచేస్తా" అన్నాడు మెకానిక్‌గా పనిచేసే మా తమ్ముడు. మా ఆయన కారుని తన షెడ్డుకి తీసుకెళ్ళి పైకెత్తాడు. నేను స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను. నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్లు పీకేసి కొత్తవి పెట్టాడు, అరిగిన రబ్బరు బుష్‌లు మార్చాడు. చివర్లో వంపు తిరిగిన లావుపాటి ఇనపకడ్డీ ఒకటి తెచ్చాడు.

"అదేంట్రా?"

"స్వే బార్. రెండు పక్కల చక్రాల్నీ కలిపి పట్టుకుంటుంది. మలుపులో బండిని ఒరగనివ్వదు."

"మరి ఇన్నాళ్ళూ దీనికి లేదా?"

వాడు తల వంచుకుని బోల్టు బిగించసాగాడు.

"నిన్నేరా! నోట్లో ఏమైనా పెట్టుకున్నావా?"

"ఉండేది అక్కా. బావే నాచేత తీయించేశాడు. పిల్ల నీ కడుపులో ఉన్నప్పుడు కుదుపులు తగలకూడదంది కదా డాక్టరమ్మ! ఈ కడ్డీ ఉంటే ఒక చక్రం గుంటలో పడినా బండంతా అదురుతుంది. తీసేస్తే మెత్తగా పోతుంది. మలుపుల్లో ఒరుగుతుంది బావా అని చెప్పా. ఒరగనీరా అన్నాడు."

"పురుడయ్యాక పెట్టి చావొచ్చుగా!"

"అడిగా. మీ అక్కకి నడుం నొప్పి తగ్గలేదురా, ఉండనీ అన్నాడు. నీకు తెలిస్తే పంతానికి బిగించెయ్యమంటావని చెప్పనివ్వలేదు. తిట్టుకుంటే నన్నేగా తిట్టుకునేది అన్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత మొండిఘటం! నోరారా తిడుతుంటే ఒక్క ముక్క చెప్పకుండా పాటలు పాడతాడా మనిషి? అక్కడే, ఆ గ్రీజు వాసనలోనే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన కనపడితే రెండు దులిపి, ఆ తర్వాత ఆ చెయ్యి పట్టుకుని వదిలేదాన్ని కాదు.

మర్నాడు కొండెక్కాం. తమ్ముడు నడిపాడు. ఎన్ని మెలికలు తిరిగినా బండి నిటారుగా పోయింది, కడుపులో చుక్క కదల్లేదు. కానీ వానలకి దారి గతుకులు పడింది. ఒక్కో గతుకూ నడుముకి తగిలి ప్రాణం జివ్వుమంది. ఇన్నేళ్ళూ ఇవేవీ నాదాకా రానివ్వలేదా ఆయన!

"ఆపనా అక్కా?"

"ఆపావో చంపేస్తా. పోనీ."

పెద్దక్క మంచం మీద నుంచే చేతులు చాచింది. నా ముఖం చూసి కంగారు పడింది.

"అయ్యో, కళ్ళు అలా వాచిపోయాయేమే? దారంతా కడుపులో తిప్పేసిందా?"

"లేదక్కా, ఒక్కసారి కూడా తిప్పలేదు" అన్నాను. అని, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని బావురుమన్నాను.