ఆగిపోయిన గడియారం

పదకొండు కాకముందే మూడోసారి దుప్పటి మార్చాల్సి వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి శ్యామలమ్మకు కడుపు బాగా లేదు. పక్షవాతంతో కుడివైపు పడిపోయిన మనిషిని లేపడానికి ఒకటే పద్ధతి. తల తన ఎదకు ఆనించుకుని, వీపు కింద చేతులు పెట్టి, ఒక్క ఊపులో పైకి తీసుకోవాలి. ఆయా దేవకృప అలాగే తీసుకుంది. అలా ఎత్తేటప్పుడు రోజూ గొంతెత్తి ఏదో ఒక కీర్తన పాడేది. ఈ రోజు ఊపిరి అందక పాడలేదు. పైగా కరెంటు పోయి ఫ్యాను కూడా ఆగి ఉంది.

"దీని రైకల గడియారం ఉన్నది," అంది శ్యామలమ్మ ముద్ద ముద్దగా. "టిక్కు టిక్కు అంటున్నది. జెర విను, అనసూయా."

గుమ్మంలో నిలబడ్డ కోడలు అనసూయమ్మ వినాల్సింది వినేసింది. అత్తగారి పెళ్లినాటి బంగారు చేతి గడియారం రెండు రోజులుగా కనిపించడం లేదు.

మారేడ్‌పల్లిలో ఆ ఇంటికి దేనికి కరువున్నా అనుమానానికి లేదు. సాయంత్రం ఆయా సంచీ విప్పి చూడందే గేటు తెరిచేవారు కారు. ఆ మాటకొస్తే దేవకృప కూడా తక్కువేమీ కాదు. ఒంట్లో బాగుందా అని ఎవరైనా మర్యాదకు అడిగినా, వీళ్లకు ఎవరు చెప్పి ఉంటారా అని ఉలిక్కిపడేది. మెడదాకా మూసిన జాకెట్ వెనక ఆమె దాచుకున్నది పొడుగాటి కుట్ల మచ్చ. నాలుగేళ్ల క్రితం గుండెలో వాల్వు మార్చి లోహపుది పెట్టారు. ఆపరేషన్ అయినవాళ్లకు ఆయాల బ్యూరో పని ఇవ్వదు. పన్నెండు గంటల డ్యూటీకి రెండొందలు, అందులో నలభై బ్యూరోకి. మిగిలినదాని మీదే నేరేడ్‌మెట్‌లో ఇద్దరు ఆడపిల్లలు బతకాలి.

నెలకోసారి చర్చి పనంటూ పూట సెలవు, బాత్‌రూంలో చాటుగా మాత్ర, ఎక్కువ ఆకుకూర వడ్డిస్తే పక్కకు నెట్టడం. రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్లకు నెలనెలా రక్తపరీక్షతో సహా ఇవన్నీ తప్పవని అనసూయమ్మకు తెలియదు. దొంగ బుద్ధికి ఇంతకన్నా రుజువేం కావాలనుకుని ఆమె బ్యూరోకి ఫోన్ చేసింది.

అరగంటలో బ్యూరో మేనేజర్ యేసురాజు స్కూటర్ మీద దిగాడు.

"సిస్టర్, నన్ను పరేషాన్ చెయ్యకు. మేడంతోని బాత్‌రూంలకు పోయి జాకెట్ విప్పి చూపియ్యి. అయిపోతది."

దేవకృప గుండె ఒకసారి కొట్టుకోవడం తప్పింది. చీకట్లో మెట్టు తప్పినట్టు లోపలంతా జారి, తర్వాతిసారి గట్టిగా కొట్టుకుంది. మూడు రోజులుగా ఇదే వరస. ఇట్లాంటిది వస్తే దాచొద్దు, వెంటనే రమ్మని డాక్టరు చెప్పాడు. పోతే ఆ ఒక్క రోజులోనే ఇంకొకర్ని పెట్టుకుంటారని భయపడి ఆగింది.

"విప్పను," అంది. "మేడం, ఆ గడియారం టిక్కు అనదు. దానికి కీ ఇచ్చి ఎన్నేండ్లయింది? బొట్టుపెట్టె పక్కన దాని మీద దుమ్ము రోజు నేనే తుడుస్తున్న. తొమ్మిదిన్నర కాడ ముండ్లు ఆగి ఉన్నయి."

ఆ మాట నిజమే. అనసూయమ్మ కాపురానికి వచ్చిన నాటికే అది ఆగిపోయి ఉంది.

"మరి నీ దగ్గర ఏందీ సప్పుడు?" అంది అనసూయమ్మ.

చెబితే పని పోతుంది. చెప్పకపోతే దొంగ అంటారు. ఈ రెంటిలో పిల్లల దగ్గరికి ఏది తీసుకెళ్లాలో ఆలోచించుకునే తీరిక కూడా ఆమెకు లేకపోయింది.

"నా గుండెది. వాల్వు మార్పిచ్చుకున్న. లోహంది పెట్టిన్రు. మూసుకున్నప్పుడల్లా గట్ల అంటది."

"ఆపరేషనా?" యేసురాజు ముఖం మాడిపోయింది. "ఫారంల ఏ బీమారీ లేదని రాసినవు గదా!"

అనసూయమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, గుండె పేషెంటా? అత్తమ్మను ఎత్తుకోని నువ్వు పడిపోతే ఎట్ల? యేసురాజూ, వేరే మనిషిని పంపు. ఇయ్యాలనే పంపు."

గడియారం ఊసు ఎవరూ ఎత్తలేదు. వేసిన నింద ఎక్కడిదక్కడే ఉంది, దాన్ని వెనక్కి తీసుకోవాలని ఒక్కరికీ తోచలేదు. దేవకృపకు ఒళ్లు మండింది.

"సంచీ తీస్కో సిస్టర్, పోదాం."

ఆమె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"పోను. దొంగను కానని మేడం తన నోటితోని చెప్పాలె. అది విన్నంక పోతా. దవాఖానకు సుత పోయేది ఉన్నది నాకు."

"ఏందీ, గిట్ల కూసుంటే ఎట్ల?" అన్నాడు యేసురాజు.

ఫ్యాను తిరగని ఆ గదిలో ఒకటే చప్పుడు. టిక్కు, టిక్కు. ఒకటి తప్పింది. మళ్లీ టిక్కు. ఈసారి అనసూయమ్మకూ యేసురాజుకూ కూడా వినబడింది. అనసూయమ్మ చూపు తప్పించి గోడకేసి చూసింది.

శ్యామలమ్మ మళ్లీ పక్క తడిపింది. ఎడమ చేత్తో దేవకృప కొంగు పట్టుకుని, "లేపు బిడ్డా," అంది.

దేవకృపకు ఏడుపొచ్చింది. అయినా లేవలేదు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని అనసూయమ్మ ముఖంలోకే చూస్తూ కూర్చుంది.