నలభై మూడు కంతలు

కూతురి ఫోటోలు ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతుల్లో పడతాయేమోనన్నదే భవిత భయం. అంతకన్నా పెద్ద భయం ఆమెకు లేదు. లహరికి మూడేళ్ళు. బోర్లా పడిన రోజు నుంచి అన్నీ భవిత ఫోనులోనే ఉన్నాయి.

ఆ ఉదయం ఫోను అప్‌డేట్ అడిగింది. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయినా, ఇంగ్లీషు కూడబలుక్కుని కింద రాసిందంతా చదివింది. భద్రతాలోపాలు నలభై మూడు సరిచేశారట. ఇన్ని కంతలున్నదాంట్లోనా పిల్ల ఫోటోలు దాచుకుంది!

అత్తగారు నాగేంద్రమ్మది పాత ఫోను. భవిత దాన్ని తీసి చూసింది. నాలుగేళ్ళుగా ఒక్క అప్‌డేటూ లేదు. లోపాల ఊసే లేదు. "మీ ఫోనే గట్టిదండీ" అంటూ ఫోటోలన్నీ అందులోకి పంపి, తన ఫోనులోవి చెరిపేసింది.

"చూశావా, ముసలిదైనా నా ఫోనే గట్టిది. నాలాగే!" అని మురిసిపోయింది నాగేంద్రమ్మ.

అంతలో మామగారు మధుసూదనరావు పొలం నుంచి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద.

"ఇవాళ పద్దెనిమిది బొరియలు పూడ్చానమ్మాయ్. ఎండ్రకాయలు గట్టుని జల్లెడ చేసేశాయి."

"అయ్యో! మరి పక్క చేను గట్టుకి ఎన్నున్నాయండీ?"

"ఎవడికి తెలుసు? కౌలుకి చేసేవాడు వదిలేసి రెండేళ్ళయింది. చూసేవాడుంటేగా లెక్క తేలేది! దాని మీద కాలు పెట్టావంటే నడుం దాకా దిగుతావు."

భవిత చేతిలో మంచినీళ్ళ చెంబు ఆగిపోయింది. తన ఫోనులోని ఆ నలభై మూడూ పూడ్చిన కంతలు. అత్తగారి ఫోనుకి మాత్రం చూసేవాడే లేడు.

గబగబా తన ఫోను అప్‌డేట్ చేసి, ఫోటోలు వెనక్కి తెచ్చుకుని, పాతదాంట్లోవి తీసేసింది. ఆ ఫోను తిరిగి ఇచ్చేసి కాసేపటికి తలెత్తితే, అత్తగారు అందులోనే అవనిగడ్డలో ఉన్న చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతోంది. డాక్టరు చీటీలు, ఆధారు, బ్యాంకు మెసేజీలు, ఆవిడవన్నీ అందులోనే. ఇంతసేపూ పిల్ల గురించే తప్ప ఈవిడ గురించి తట్టనేలేదు. భవితకి సిగ్గేసింది.

"అత్తయ్యగారూ, రేపు చల్లపల్లి వెళ్ళి మీకు వేరే ఫోను తెచ్చుకుందామండీ."

"ఇదేగా గట్టిదన్నావు?"

"నేనే తప్పు లెక్క వేశానండీ. దీన్ని పట్టించుకునేవాళ్ళు లేరు."

"కొత్తది నాకు రాదే. పదిసార్లు అడిగితే విసుక్కుంటావు."

"లహరికి అన్నం తినిపించడం కన్నా కష్టమా ఏంటండీ!"

నాగేంద్రమ్మ నవ్వేసి, ఫోను కోడలి చేతిలో పెట్టింది.

మీకు తెలిసిన పెద్దావిడ కూడా ఇలాంటి పాత ఫోను పట్టుకుని నిశ్చింతగా ఉండి ఉంటుంది. దానికి చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో, ఈ వారంలోనే వెళ్ళి, పక్కన కూర్చుని ఒక్కసారి చూడండి.